పానాల డబ్బా మూత

మా ఇంటి ట్రాక్టరుకు మీటరు పనిచేయదు. నేను కాపురానికి వచ్చేనాటికే దాని ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది. అద్దం లోపల ఒక చచ్చిన చీమ కూడా ఉండేది. ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చెప్పాల్సిన మీటరు అది. దాన్ని బాగు చేయిద్దామని మా మామ ఏనాడూ అనుకోలేదు. ఎవరైనా అడిగితే, "అది జెప్పుడేంది, నాకు ఇనబడ్తలేదా?" అనేవాడు.

నేను పెద్దపల్లి వైపు పిల్లను. వరి తప్ప వేరే పంట ముఖం చూడకుండా పెరిగాను. పెళ్ళయి, ఆసిఫాబాద్ దాటి ఈ ఊరికి వచ్చాక పత్తి, కంది, సోయా అని ముగ్గురు కొత్త చుట్టాలు నా నెత్తిన పడ్డారు. అన్నం బదులు జొన్నరొట్టె, తెలుగులో సగం మరాఠీ. కొత్తలో నేను నోరు తెరిస్తే వీళ్ళు నవ్వేవాళ్ళు, వీళ్ళు నోరు తెరిస్తే నాకు ఏడుపొచ్చేది. అత్త నేను రాకముందే పోయింది. మా ఆయన పెళ్ళయిన మరుసటి ఏడే డ్రైవరు పనికి మస్కట్ వెళ్ళాడు. ఇక ఇంట్లో మిగిలింది నేనూ, మామా, ఆ ట్రాక్టరూ. ముగ్గురిలో ఎక్కువ మాట్లాడేది ట్రాక్టరే.

మామ దాన్ని వయసులో ఉన్నప్పుడు ఆదిలాబాద్‌లో ఎవరి దగ్గరో కొన్నాడట. అప్పటికే అది పాతది. ఈ కాలపు బండ్లతో పోలిస్తే దాని బలం ఏపాటిది? దుక్కికి ఎవరూ పిలవరు. కానీ ఏడాదికోసారి, దసరా వెళ్ళగానే, ఊళ్ళో సగం మంది దాని కోసం మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. దానికి కారణం సోయా విత్తనం.

సోయా గింజ పైకి రాయిలా కనిపిస్తుంది గానీ మహా సుకుమారం. తోలు పల్చన. అమ్ముకునే పంటను పంజాబు నుంచి వచ్చే పెద్ద కోత మిషిన్లకు అప్పగిస్తారు. అందులో గింజ కొంత పగిలినా మిల్లువాడు తీసుకుంటాడు. విత్తనానికి దాచుకునే గింజ అలా కాదు. కంటికి ఆనని పగులు ఒక్కటి పడినా చాలు, మట్టిలో మొలవకుండా కుళ్ళిపోతుంది. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ విత్తనానికి సరిపడా పంటను పక్కన కోసిపెట్టి, చిన్న నూర్పిడి మిషినులో వేయిస్తారు. ఆ మిషినుకు సొంత ఇంజను ఉండదు. ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టుకు తగిలిస్తారు. ట్రాక్టరు ఇంజను ఎంత జోరుగా తిరిగితే లోపలి డ్రమ్ము అంత జోరుగా కొడుతుంది. ఆ జోరునే ఇక్కడ రేసు అంటారు. రేసు పెరిగితే గింజ పగులుతుంది. తగ్గితే కాయ విచ్చుకోదు, ఫ్యాను పొట్టును ఎగరెయ్యదు. మధ్యలో ఒక చోటు ఉంది. ఇరుకైన చోటు. మా మామకు అది తెలుసు.

సీటు మీద కూర్చునేవాడు. స్టీరింగు పక్కనున్న చేతి రేసు మీటను వేలితో కొంచెం కొంచెంగా కిందికి లాగేవాడు. ఇంజను గొంతు పెరిగేది. ఒక చోట చెయ్యి తీసేసేవాడు. అంతే. ఇక ఆ పూటంతా దాని వైపు చూసేవాడు కాదు. కిందికి దిగి బీడీ కాల్చుకునేవాడు. కింద రాలిన గింజలో పగిలిన బద్ద అన్నది వెతికినా దొరికేది కాదు. దీనివల్ల మా ఊళ్ళో ఒక అలవాటు పడిపోయింది. వేరేచోట రైతులు మృగశిర కార్తె, ఇక్కడి మాటలో మిరుగం, రాకముందు చారెడు గింజలు తడి గోనెసంచిలో చుట్టి, మొలకలు చూసుకుని గానీ విత్తరు. మా మామ రేసు పట్టిన గింజకు ఎవరూ ఆ పరీక్ష పెట్టేవాళ్ళు కాదు. పెడితే ఆయన్ను అనుమానించినట్టని మొహమాటం.

అందరికంటే ముందు వచ్చేది చిన్నత్త. మా పక్క చేను ఆమెది. రక్త సంబంధం ఏమీ లేదు. మామను అన్నా అని పిలుస్తుంది కాబట్టి నాకు అత్త అయింది. మొగుడు లేడు, చేను ఒక్కతే చేసుకుంటుంది. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. నాకు మాత్రం రొట్టె కొట్టడం నేర్పింది ఆమే, తిడుతూ నేర్పింది.

మా ఆయన మస్కట్లో ఉండగా ఓ ఏడు నూర్పిడిని ఫోనులో వీడియో తీసి పంపించాను. ఇల్లు గుర్తొచ్చి బెంగపడుతున్నాడని పంపాను. చూసి ఫోన్ చేశాడు. బెంగ సంగతి అటుంచి, "ఏం మోతనే అది! బండి మాట్లాడుతున్నదా, డబ్బాల గులకరాళ్ళు పోసి ఊపుతున్నరా? బాపు చెవులు పోతయ్. నేనొచ్చినంక మొత్తం సదురుత," అన్నాడు. ఆ మోత పానాల డబ్బాది. సీటు పక్కన మడ్‌గార్డు మీద ఒక ఇనుప డబ్బా ఉంటుంది, పానాలు పెట్టుకోవడానికి. దాని మూత కీలు ఎప్పుడో అరిగింది. ఇంజను ఆడుతుంటే అది టకటకా కొట్టుకునేది. నాకది అలవాటైపోయి వినిపించడం మానేసింది.

కిందటి ఏడు వానాకాలంలో మా ఆయన పూర్తిగా వచ్చేశాడు. అక్కడ కంపెనీ మూతపడింది. ఇన్నేళ్ళు బయట ఉన్న మనిషికి ఇల్లు ఎలా ఉంటుందో నేను దగ్గరనుంచి చూశాను. ఏ పనికి చెయ్యి చాపినా అది అప్పటికే అయిపోయి ఉండేది. పాలు నేను పిండేదాన్ని, నీళ్ళు మామ కట్టేవాడు, కూలీలను చిన్నత్త మాట్లాడేది. ఎడారిలో పెద్ద పెద్ద బండ్లు నడిపిన మనిషి మా వాకిట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగేవాడు. నాకు జాలేసేది, విసుగూ వచ్చేది. చివరికి ఆయనకు ట్రాక్టరు దొరికింది.

దసరాకు ముందు దాన్ని ఆదిలాబాద్‌లో షెడ్డుకు తోలుకుపోయాడు. వారం తర్వాత తెచ్చాడు. నేను మొదట గుర్తుపట్టలేదు. నిగనిగలాడే ఎర్ర రంగు, కొత్త సైలెన్సరు, మెత్తటి సీటు. వదులైన ప్రతి రేకు కిందా రబ్బరు వేసి బిగించారు. పానాల డబ్బాకు కొత్త కీలు, కొత్త గడియ. మీటరు కూడా మార్పిస్తానంటే మామే వద్దన్నాడట. స్టార్ట్ చేస్తే మెత్తగా, బుద్ధిమంతుడిలా గుర్రుమంది. మామ చుట్టూ తిరిగి చూసి, "పెండ్లికొడుకు లెక్కున్నదిరా," అని నవ్వాడు. కొడుకు ముఖం వెలిగిపోయింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా, దసరాకు దండ వేసి, నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ కొట్టి మేమందరం ఆ వింతకు మురిసిపోయాం. నేనూ మురిసిపోయాను.

నూర్పిడి రోజు చిన్నత్త సోయానే ముందు పెట్టారు. మామ సీటెక్కి చేతి రేసు లాగాడు. లాగుతూ లాగుతూ ఆగి, మళ్ళీ లాగాడు. తగ్గించాడు. చెయ్యి తీసి, మళ్ళీ పెట్టాడు. కిందికి దిగి గింజ పడేచోట దోసిలి పట్టి చూశాడు. ఒక గింజ పంటి కింద వేసి కొరికాడు. మళ్ళీ ఎక్కాడు. నేను సద్ది తీసుకుని వెళ్ళి అక్కడే నిలబడి ఉన్నాను. ఏదో తక్కువైనట్టు అనిపించింది. రోజూ వాగే మనిషి ఇంట్లో లేకపోతే ఎలా ఉంటుంది, అలా. అదేమిటో నాకు తట్టలేదు.

రాశిలో అక్కడక్కడా బద్దలు కనిపించాయి. "ఎండ ఎక్కువైంది ఈసారి. కాయ బాగ ఎండింది," అన్నాడు మామ, ఎవరూ అడగకుండానే. ఆయన అడగని దానికి జవాబు చెప్పడం నేను అదే మొదటిసారి చూశాను. చిన్నత్త బద్దలు రెండు వేళ్ళతో ఏరి పారేసి సంచి కట్టుకుపోయింది. ఆమె వెనక మిగతావాళ్ళవి, చివర మాది. ఆ పూట మామ బీడీ కాల్చలేదు.

మిరుగం వచ్చింది. వాన బాగానే పడింది. అందరూ విత్తారు. నాలుగైదు రోజులకు నేలలోంచి వంగిన మెడలు లేవాలి. ఒక సాలులో అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. మిగతాదంతా బోసి నేల. మా చేనూ అంతే, చిన్నత్త చేనూ అంతే, మామ రేసు పట్టిన ప్రతి చేనూ అంతే.

చిన్నత్త పొద్దున్నే వచ్చింది. ఆమె నోటికి భయపడి నేను వంటింట్లోనే నిలబడ్డాను. అరుగు మీద కూర్చున్న మామ ముందు చెంగు విప్పింది. మట్టిలోంచి తవ్వి తెచ్చిన గింజలు, ఉబ్బి, మెత్తబడి, కుళ్ళు వాసన.

"అన్నా, గింజ పాడైంది," అంది.

"మాది కూడ," అన్నాడు మామ.

ఆమె తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో! గింజలు మళ్ళీ చెంగులో మూటగట్టుకుని, "ఇగ దుకాణంల తెచ్చి ఏస్త తియ్యి," అని లేచి వెళ్ళింది. తర్వాత వచ్చినవాళ్ళు కూడా అలాగే వచ్చారు, అలాగే వెళ్ళారు. అడ్డాకూలీ మీద అరిచే మనుషులు, సర్పంచు మీద అరిచే మనుషులు, మా మామ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడారు. ముసలివాడైపోయాడు పాపం అన్న చూపు ఒక్కొక్కరి కళ్ళల్లో చూశాను. ఆయన కూడా చూశాడు. అందరూ మళ్ళీ విత్తారు, ఆలస్యంగా. మా ఆయన మా ట్రాక్టరుతో అందరి చేనూ విత్తి వచ్చాకనే మాది విత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, అయినా పట్టుకున్నాడు.

మామ ఆ తర్వాత ట్రాక్టరు ఎక్కలేదు. "నా చెయ్యి పోయింది బిడ్డా," అన్నాడు నాతో ఒకరోజు, ఎద్దుకు కుడితి పెడుతూ. ఏడుపు లేదు గొంతులో. బావి ఎండింది అన్నట్టు చెప్పాడు. చెవుల వల్లనేమో అని మా ఆయన ఆయన్ను ఆదిలాబాద్ తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఈ వయసుకు చెవులు బాగానే ఉన్నాయని చెప్పారట. మేం సంతోషపడ్డాం. అది ఆయన్ను ఇంకా కుంగదీసింది. "చెవులు మంచిగనే ఉన్నయట. మరి పోయింది ఏంది?" అని అడిగాడు నన్ను.

అక్కడినుంచి మొదలైంది. గేటు గడియ వేశానా లేదా అని వెనక్కి వెళ్ళి చూసేవాడు. ఇవాళ ఏ వారమని అడిగి, కాసేపటికి మళ్ళీ అడిగేవాడు. ఆకాశం చూసి వాన చెప్పే మనిషి, "వానొస్తదా బిడ్డా?" అని నన్ను అడిగేవాడు, పెద్దపల్లి పిల్లను! ఒకసారి కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, "నాకేం తెలుస్తది, నువ్వే చూడు," అన్నాడు. ఒక్క విషయంలో తన మీద తనకు నమ్మకం పోతే మనిషి మొత్తంగా ఇలా ఊడిపోతాడని నాకు అంతకుముందు తెలియదు. భయం వేసింది. రోజు రోజుకీ ఆయన మా కళ్ళముందే తగ్గిపోతున్నాడు.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఫోను నిండిపోయిందని పాత వీడియోలు చెరిపేస్తూ కూర్చున్నాను. మస్కట్‌కు పంపిన నూర్పిడి వీడియో వచ్చింది. చెరిపేముందు ఒకసారి చూద్దామని పెట్టాను. పానాల డబ్బా టకటకలాడుతోంది. అప్పుడు తెలిసింది నాకు, నూర్పిడి రోజున తక్కువైంది ఏమిటో. ఈ మోతే! నవ్వొచ్చింది. నవ్వు పూర్తవకముందే వీడియోలో మోత ఠక్కున ఆగింది. ఇంజను పెరుగుతూనే ఉంది, మూత మాత్రం ఊరుకుంది. అదే క్షణంలో మామ చెయ్యి రేసు మీదినుంచి లేచింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. రేసు తక్కువగా ఉంటే మూత కొట్టుకుంటోంది. పెంచుతూ పోతే ఒక చోట ఊరుకుంటోంది. అక్కడ మామ చెయ్యి తీస్తున్నాడు. ఒకచోట పొరపాటున కొంచెం ఎక్కువ లాగాడు, మూత వేరే రకంగా గలగలమంది, వెంటనే తగ్గించాడు. ఆయన ముఖం డబ్బా వైపు లేదు. ఎటో చూస్తున్నాడు. ఆయనకు కూడా తెలియదు, తను వింటున్నది దాన్నని.

ఆయనకేమీ కాలేదు! చెయ్యీ పోలేదు, బుద్ధీ పోలేదు. పోయింది ఒక మూత మోత.

ముందు మా ఆయనకు చూపించాను. చూశాడు. అడగకుండానే మళ్ళీ పెట్టుకుని చూశాడు. "అంటే నేనే జేసిన్నా?" అన్నాడు. ఫోను నా చేతిలో పెట్టాడు. "బాపుకు జెప్పకు," అన్నాడు.

"ఎందుకు?"

"ఊరందరి చేన్లు నా వల్ల ఖరాబైనయంటే నేనెట్ల తిరగాలె? వచ్చి ఏడాది కాలే."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు మంచిగ తిరుగుడు కోసం ఆయన పిచ్చోడు కావాల్నా? గేటు కాడికి పోయి ఎన్నిసార్లు గడియ చూసుకుంటుండో చూస్తున్నవా?" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన తలవంచుకున్నాడు. పాపం, చెడు చేద్దామని చేశాడా? మోత వింటే తండ్రి చెవులు పాడవుతాయని బాధపడి చేశాడు. ఆ ఇంట్లో తన చేత్తో చేసిన మొదటి పని అది. తెలుసు నాకు. తెలిసినా కోపం తగ్గలేదు.

మర్నాడు మామ చేనుకు పోగానే మా ఆయన పానా తీసుకుని డబ్బా మూత వదులు చేశాడు. రబ్బరు పీకేశాడు. ఇంజను పెట్టి రేసు లాగాడు. మోత వచ్చింది గానీ ఎక్కడా ఆగలేదు. మొదటినుంచి చివరిదాకా ఒకటే గోల. కీలు ఇంకాస్త వదులు చేశాడు. మూత కింద అట్టముక్క పెట్టాడు. బోల్టుకు వాచరు వేశాడు, తీశాడు. కొత్త కీలుకు పాత అరుగుడు ఎక్కడినుంచి వస్తుంది? అది అరగడానికి మామ వయసంతా పట్టింది. ఆ పాత కీలు షెడ్డువాడి తుక్కులో ఏనాడో కలిసిపోయి ఉంటుంది. నేను ఇంజను పక్కన ఫోను పట్టుకుని నిలబడ్డాను, మా ఆయన చెమటలు కారుతూ పానా తిప్పుతున్నాడు. ఆ గోలలో మామ వచ్చి మా వెనక నిలబడింది మేం చూడలేదు.

"ఏం జేస్తుండ్రు?" అన్నాడు.

మా ఆయన ఇంజను ఆపేశాడు. ఇక నేనే చెప్పాను. మామా, నీకేం కాలేదు, ఇది చూడు, అని వీడియో పెట్టి ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన ముందు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత చెవికి పెట్టుకుని విన్నాడు. "మళ్ళొక్కసారి పెట్టు," అన్నాడు. పెట్టాను. విన్నాడు.

నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. బరువు దిగిపోతుందని, నవ్వుతాడని, కొడుకును ఒక తిట్టు తిట్టి బీడీ వెలిగిస్తాడని అనుకున్నాను.

"అంటే గిన్నేండ్లు రేసు పట్టింది గీ డబ్బా మూతనా?" అన్నాడు. "నేను గాదా?"

ఆయన ఫోను నా చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఒక కాలు మీద ఇంకో కాలు రుద్దుకుంటూ చాలాసేపు నీళ్ళు పోసుకున్నాడు. ఆయన పోగొట్టుకున్నది తిరిగి ఇస్తున్నాననుకున్నాను నేను. అంతకుముందు, చెయ్యి పోయిందనుకున్నాడు. ఇప్పుడు, అసలు ఎన్నడూ లేదనుకుంటున్నాడు. నేను చెప్పకపోతేనే బాగుండేదేమో అని ఆ వారమంతా కుమిలిపోయాను.

ఆపైన మా ఆయన కొత్త మీటరు తెచ్చి బిగించాడు. ముల్లు చక్కగా లేచింది, చక్కగా దిగింది. సంబరంగా తండ్రిని పిలిచాడు. "ముల్లు ఎక్కడ ఆపాలె బాపు?" అని అడిగాడు.

"నాకేం తెలుసు? గప్పుడు ముల్లు నడ్వలే గద," అన్నాడు మామ.

నిజమే. మీటరు వచ్చింది, దాని మీద ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. వీడియో పెట్టి దానికి తగ్గట్టు ఇంజను గొంతు కలపాలని మా ఆయన ప్రయత్నించాడు. ఫోనులో గొంతు వేరు, బండి గొంతు వేరు. సైలెన్సరు కూడా కొత్తదే మరి.

ఈ ఏడు దసరా వెళ్ళింది. సోయా కోతలయ్యాయి. మా వాకిట్లోకి ఎవరూ రాలేదు. విత్తనం సంగతి ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. వచ్చే మిరుగానికి అందరూ దుకాణంలోనే కొనుక్కుంటారని అర్థమైంది. మామ మా విత్తనపు సోయాను కూడా నూర్పించలేదు. అది వాకిట్లో ఒక మూల కుప్పగా ఉండిపోయింది.

అప్పుడు చిన్నత్త వచ్చింది. ఎడ్లబండి మీద తన సోయా వేసుకుని, సరాసరి మా వాకిట్లోకే తోలుకొచ్చింది.

మామ అరుగు దిగాడు. "నా కాడికి తేకు చెల్లె," అన్నాడు. బతిమాలినట్టు అన్నాడు.

"నీ మిషినుకు తేలే. నీ వాకిలి పెద్దగుందని తెచ్చిన," అంది ఆమె. బండిలోంచి తాడిపత్రి లాగి నేల మీద పరిచింది. పొడుగాటి కట్టెలు రెండు తెచ్చుకుంది, మూడోది మా ఇంట్లోదే తీసుకుంది. "ఏందే చూస్తున్నవ్, కట్టె వట్టు," అంది నాతో. మా ఆయన చేతిలోకి ఒకటి విసిరింది. మామ మాకు వీపు పెట్టి అరుగు మీద కూర్చుని, దబ్బనంతో చిరిగిన గోనెసంచులు కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె సోయా కొంత పరిచి ముగ్గురం కొట్టాం. ఎండు కాయలు చిటపటమంటున్నాయి. దుమ్ము లేస్తోంది. చిన్నత్త దెబ్బ నెమ్మదిగా పడేది, నాది ఆమె వెనక పడేది. మా ఆయన మధ్యలో కొడుతున్నాడు. కొన్ని నెలలుగా లోపల పెట్టుకున్నదంతా ఆ కట్టెలోకి దించుతున్నాడేమో, జోరు పెరుగుతోంది. కొట్టిన చోటే కొడుతున్నాడు.

"ఎవలదిరా గా దెబ్బ?"

మామ వెనక్కి తిరగలేదు. దబ్బనం సంచిలో గుచ్చి ఉంది.

"జర మెల్లగ. కాయ మీద పడ్తలేదది. గింజ మీద పడ్తున్నది."

ముగ్గురం ఆగిపోయాం. మా ఆయన కట్టె పక్కన పెట్టి, తను కొట్టిన చోట సోయా కంప పైకి ఎత్తి చూశాడు. కాయలన్నీ ఎప్పుడో విచ్చుకున్నాయి. పల్చబడిన పొట్టు కింద గింజలు, వాటిలో బద్దలు. చిన్నత్త కొట్టిన చోట చూశాడు, నేను కొట్టిన చోట చూశాడు. గింజలన్నీ గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండు బద్దలు ఏరుకుని, అరుగు దగ్గరికి వెళ్ళి తండ్రి అరచేతిలో పెట్టాడు.

మామ వాటిని చూశాడు. వేలితో అటూ ఇటూ తిప్పి, తల ఎత్తి, కొడుకును కాదు, నన్ను అడిగాడు.

"గిది నేనే ఇన్న గద బిడ్డా?"

"నువ్వే ఇన్నవ్ మామా," అన్నాను. దుమ్ము పడ్డట్టు చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. చిన్నత్త చూసింది, చూడనట్టు ఊరుకుంది. ఆమె ఊరుకోవడం కూడా నేను అరుదుగా చూశాను.

మామ బద్దలను కిందికి విదిల్చి, దబ్బనాన్ని సంచికి గుచ్చి పక్కన పెట్టాడు. మూలనున్న మా కుప్ప వైపు చూశాడు.

"రేపు బండి తియ్యిరా," అన్నాడు కొడుకుతో. "నువ్వు మీటరు కాడ కూసో. రేసు నేను వడ్త. డ్రమ్ముల కాయ పలిగే సప్పుడు ఇనుకుంట వడ్త. నేను చెయ్యి తీసినప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి వెట్టుకో. ముందుగాల మనదే ఏద్దాం."

మా ఆయన తల ఊపాడు. తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడే చూస్తానన్నట్టు ఇంట్లోకి వెళ్ళాడు.

చిన్నత్త కట్టె భూమికి ఆనించి నిలబడి ఉంది. ఆమె సోయా ఇంకా సగం బండి మీదే ఉంది. "నాది మాత్రం గీ యేడు కట్టెతోనే అన్నా," అంది. ఎప్పటిలాగా ముఖం మీదే అంది.

"కట్టెతోనే కొట్టుకో చెల్లె," అన్నాడు మామ. "చారెడు గింజలు తడి గోనెల కట్టి, చూస్కొని విత్తు. ముందుగాల నాది మొలవనీ."

ఆమె ఊఁ అని మళ్ళీ కట్టె ఎత్తింది.